దస్తరం, దొర, నవల: తెలంగాణ భూమిశిస్తు సంస్కరణలు – ఒక పునఃపఠనం

తెలంగాణ నవలపై వెలువడిన విమర్శలో ‘భూస్వామ్యం’ అన్న మాట చాలాసార్లు వివరణ స్థానాన్ని ఆక్రమించింది. దొర అనాదిగా ఉన్నవాడనీ, ఆధునిక రాజ్యం చేరని గ్రామంలో అతడు మిగిలిపోయాడనీ ఆ మాట ధ్వనిస్తుంది. శిస్తు చరిత్రతో కలిపి చదివినప్పుడు ఈ భావన నిలవదని ఈ వ్యాస ప్రతిపాదన.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి నిజాం ఖజానా అప్పుల్లో ఉంది. కంటింజెంట్ సైన్యపు బాకీల కింద బేరారు ఆ ఏడాదే బ్రిటిషు అధీనంలోకి పోయింది. శిస్తు వసూలును గుత్తేదారుల నుంచి తప్పించి, 1865 నాటి జిల్లాబందీతో జీతం పుచ్చుకొనే అధికారులకు అప్పగించడానికి ఈ ఒత్తిడి ఒక ముఖ్య కారణం. వసూలు అధికారం కోల్పోయిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు వంశపారంపర్య రుసుములు దక్కాయి. తరువాతి సర్వే, బందోబస్తు కాలంలో లెక్కలపై పట్టున్న ఆ కుటుంబాలే చాలాచోట్ల మంచి భూములకు పట్టాదారులయ్యాయి. ఉత్తర సర్కారులలో 1802 శాశ్వత బందోబస్తు జమీందారును చట్టబద్ధం చేసింది. ఇక్కడ రైత్వారీ పేరుతోనే దొర స్థిరపడ్డాడు.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955)లోని రామభూపాలరావును ఈ వెలుగులో చూడాలి. అతని ఆధిపత్యం రాజ్యానికి వెలుపలిది కాదు, రాజ్యం అండతో నడిచేది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) శీర్షికలోని బహువచనం సాభిప్రాయం. దొరతో పాటు కరణమూ అందులో దేవుడే. దొర మాటకు కరణం లెక్క ఆధారం. పట్టా, పహాణీ, గిర్దావరు, మఖ్తా వంటి పదాలను ‘ఉర్దూ ప్రభావం’ కింద పట్టికగట్టి వదిలేసే పద్ధతిని అందుకే పునఃపరిశీలించాలి. అవి పాలన గ్రామంలో ప్రవేశించిన దారులు.

అయితే నవలను దస్తరానికి అనుబంధంగా కుదించడమూ పొరపాటే. వెట్టివాని పనిదినాలు, ఆడబాప బతుకు శిస్తు లెక్కలకు ఎక్కేవి కావు. రికార్డు విడిచిన మనుషులను నమోదు చేయడమే ఈ నవలల చారిత్రక విలువ. 1949లో జాగీర్లు రద్దయిన తరువాత ఇవి వెలువడడం గమనార్హం. జాగీరు పోయినా పట్టా పోలేదు.

నాంపల్లి స్టేషన్ రోడ్డులోని భూపరిపాలన కార్యాలయానికీ, ఆబిడ్స్ తిలక్ రోడ్డులోని సారస్వత పరిషత్తుకూ మధ్య దూరం స్వల్పం. మన పరిశోధనలో మాత్రం ఆ రెండింటి నడుమ రాకపోకలు ఇంకా తక్కువే. శిస్తు పత్రాలను, నవలలను ఎదురెదురుగా ఉంచి చదివితే తప్ప దొర పుట్టుక మనకు పూర్తిగా బోధపడదు.