ప్రతిదీప్తి శోధకాలు – తెలుగు వివరణలో రూపకాల ఔచిత్యం

వ్యాససంగ్రహం:
జీవకణంలో ఎంజైముల పనిని తెలిపే ప్రతిదీప్తి శోధకాలను తెలుగులో వివరించేటప్పుడు వాడే పదాలు, రూపకాలు శాస్త్రార్థాన్ని ఎంతవరకు నిలుపుతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రతిదీప్తి, ఎంజైము, శోధకం, పారిభాషికపదం, రూపకం.

1. పదం తెచ్చే చిక్కు:
నీటిలో ఫ్లోరైడ్ సమస్య తెలిసిన పశ్చిమ ప్రకాశంలో, బేస్తవారిపేట వంటి చోట, 'ఫ్లోరిన్' అనగానే బోరునీళ్ళు, గారపళ్ళు గుర్తుకువస్తాయి. అక్కడి పాఠకునికి 'ఫ్లోరోసెన్స్' అనే మాట అపార్థాన్ని కలిగించవచ్చు. 1852లో జార్జ్ స్టోక్స్ ఫ్లోర్‌స్పార్ ఖనిజం పేరు మీదుగా ఈ కాంతిధర్మానికి పేరు పెట్టాడు. ఫ్లోరిన్ మూలకం పేరుకూ ఆ ఖనిజమే ఆధారం. అయితే ఫ్లోరిసీన్ అనే రంజకంలో ఫ్లోరిన్ పరమాణువు ఒక్కటీ లేదు. 'ప్రతిదీప్తి' అనే పదం ఈ చిక్కును తప్పిస్తుంది. కాని 'ప్రతిధ్వని', 'ప్రతిబింబం' పక్కన చదివితే, వచ్చిన కాంతే తిరిగిపోతుందనిపిస్తుంది. నిజానికి ఫ్లోరిసీన్ నీలికాంతిని గ్రహించి ఆకుపచ్చ కాంతిని వెలువరిస్తుంది. కనుక 'ప్రత్యుత్తరం'లోని 'ప్రతి'గా దీన్ని గ్రహించడం సముచితం.

2. దీపం – దాని పరిమితి:
శోధకాన్ని 'కణంలో వెలిగే దీపం'గా చెప్పడం సులభం. 1966లో రోట్‌మన్, పేపర్‌మాస్టర్ ఫ్లోరిసీన్ డైఎసిటేట్‌తో చేసిన అధ్యయనం ఈ రూపకానికి గల హద్దును చూపుతుంది. ప్రతిదీప్తి లేని ఆ పదార్థం కణత్వచాన్ని దాటి లోపలికి పోతుంది. అక్కడి ఎస్టరేజ్ ఎంజైములు దాని ఎసిటైల్ సమూహాలను తెంచగానే ఫ్లోరిసీన్ విడుదలై మెరుస్తుంది. త్వచం చెక్కుచెదరనంతవరకు అది లోపలే నిలుస్తుంది. అంటే వెలుగుకు రెండు కారణాలు కావాలి: ఎంజైము పని, త్వచం క్షేమం. వెలుగు లేకపోతే ఎంజైము లేదని నిర్ణయించరాదు. శోధకం లోపలికి చేరకపోవచ్చు, రంజకం బయటికి కారిపోవచ్చు, ఆమ్లత్వం కాంతిని తగ్గించవచ్చు. వెలుగు ఉన్నా, తెంచిన ఎస్టరేజ్ ఏదో తెలియదు. దీపం రూపకం ఈ సందేహాలకు చోటివ్వదు.

3. పలక – ఒక ప్రత్యామ్నాయం:
మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. ఆ పలకనే రూపకంగా తీసుకుంటే వివరణ మరింత నిక్కచ్చిగా ఉంటుంది. ఎంజైము ఒక శోధక అణువును మార్చిన ప్రతిసారీ పలకపై ఒక గీత పడుతుంది. మొత్తం గీతలు జరిగిన పనికి గుర్తు. అవి పెరిగే వేగమే ఎంజైము చురుకుదనానికి కొలత. రంజకం కారిపోవడం గీతలు చెరిగిపోవడం. దీపం 'ఉంది, లేదు' అని మాత్రమే చెబుతుంది; పలక లెక్కను, కాలాన్ని, చెరిగే అవకాశాన్ని కూడా చెబుతుంది. అయితే గీసిన చేయి ఎవరిదో పలక సైతం చెప్పలేదు. అందుకు ఆ ఎంజైమును నిరోధించి పోల్చిచూడవలసిందే.

ముగింపు:
ఇది కేవలం శైలికి సంబంధించిన చర్చ కాదు. ఎంజైములు తెంచినప్పుడు మెరిసే పెగులిసియానిన్‌కు 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లభించింది. రొమ్ముక్యాన్సర్ కణితిని తీసిన చోట మిగిలిన క్యాన్సర్ కణజాలాన్ని గుర్తించడంలో అది శస్త్రవైద్యునికి సహాయకారి. అక్కడ 'వెలగలేదు కాబట్టి లేదు' అనుకోవడం ప్రమాదకరం. రోగికి, బంధువులకు ఈ సంగతి తెలుగులో చెప్పేవారు సందేహాన్ని కూడా చెప్పగల రూపకాన్నే ఎంచుకోవాలి.