తాళపు నియమములు: వ్రాతయు, వాడుకయు

లినక్స్ కంప్యూటరు వ్యవస్థకు గుండెవంటి భాగమును కెర్నెల్ అందురు. ఫైళ్ళను తెరచుట, వ్రాయుట, పేరు మార్చుట దాని పనులే. ఒకే ఫైలును ఒకేసారి అనేక పనులు తాకవచ్చును గనుక, ఒకటి మార్పు చేయునపుడు తక్కినవి ఆగుటకై లాకులు, అనగా తాళములు, కల్పించిరి.

తాళములుండుట చాలదు, వరుస కూడ ముఖ్యము. బొంరాస్‌పేటలో ఒక కార్యాలయమున ఇద్దరు గుమాస్తాలు, రెండు రిజిస్టర్లు ఉన్నవనుకొందము. ఒకరు మొదటిది పట్టుకొని రెండవదానికై, మరియొకరు రెండవది పట్టుకొని మొదటిదానికై వేచియున్నచో సాయంత్రమైనను పని సాగదు. అందరును మొదటిదానినే ముందు తీసుకొన్నచో చిక్కులేదు.

ఇట్టి నియమములు తెలుపు రెండు పత్రములు కెర్నెల్‌తోపాటే లభించును. మొదటిది పట్టిక. ఏ పని ఆరంభించునపుడు ఏ తాళము పట్టబడియుండునో చూపును. వెదకుకొనుటకు సులువు, కాని 'ఎందుకు' అను ప్రశ్నకు అందు జవాబు తక్కువ. నియమము మార్చినవారు పత్రమును గూడ సవరింపుడని అందు వేడుకొనిరి. వేడుకోలు తనిఖీ కాజాలదు.

2019లో జర్మనీ పరిశోధకులు లాక్‌డాక్ అను సాధనముతో, నడుచుచున్న కెర్నెల్‌ను గమనించిరి. వ్రాతపూర్వక నియమమున్న అంశములలో 53 శాతము మాత్రమే ఎల్లవేళల ఆ నియమము ప్రకారము వాడబడుచున్నట్లు తేలెను. మిగిలినవన్నియు దోషములని కాదు. కొన్నిచోట్ల వ్రాతయే పాతబడియుండవచ్చును. ఏది తప్పో చదువరికి తెలియకపోవుటయే అసలు చిక్కు.

డైరెక్టరీల తాళములను గూర్చిన రెండవ పత్రము మేలైనది. ఒక ఫైలును వేరొక డైరెక్టరీకి మార్చునపుడు ముందుగా ఆ ఫైలు వ్యవస్థ కంతటికి ఒక పెద్ద తాళము, పిమ్మట పై డైరెక్టరీకి, ఆ తరువాతనే దాని లోపలిదానికి. ఈ వరుసలో ప్రతిష్టంభన ఏల కలుగదో అందు నిరూపణయు కలదు. 2023 ఆగస్టులో వెలువడిన 6.5 కూర్పులో, ఉపడైరెక్టరీ పేరు మార్చు సందర్భమున, పెద్ద తాళము లేకయే సంబంధములేని రెండు డైరెక్టరీలకు తాళములు వేయు పద్ధతి చొరబడెను. 2024 మార్చి నాటి 6.8లో దానిని సరిదిద్ది, పత్రమును గూడ మార్చిరి. కారణము వ్రాసియున్నచో తప్పిన అడుగును కొలుచుటకు కొలబద్ద ఉండును.

2006 నుండి కెర్నెల్‌లోనున్న లాక్‌డెప్ తాళముల వరుసను కనిపెట్టుచుండును. 'ఇచ్చట ఈ తాళము ఉండవలెను' అని ప్రోగ్రాములోనే వ్రాసినచో, లేనపుడు హెచ్చరించును. అయితే నడచిన దారినే అది చూడగలదు. నడవని దారికి పత్రమే దిక్కు. కావున మొదటి పట్టికకు కావలసినవి రెండు: ప్రతి నియమము ప్రక్కన దాని కారణము, వీలైనచోటనెల్ల యంత్రముచే తనిఖీ.