ఘటసర్పమా, వర్షదాతా? - చెన్ రోంగ్ ‘తొమ్మిది డ్రాగన్లు’ చిత్రముపై ఒక పరిశీలన

చైనా సిరా చిత్రకళలో ఊహాప్రాణులకు రూపమిచ్చిన కృతులలో చెన్ రోంగ్ గీసిన ‘తొమ్మిది డ్రాగన్లు’ మిక్కిలి ప్రసిద్ధమైనది. దక్షిణ సోంగ్ వంశ పాలనలో 1235లో ఉన్నత రాజోద్యోగ పరీక్షలో ఉత్తీర్ణుడై అధికారిగా పనిచేసిన ఈ చిత్రకారుడు 1244లో దీనిని కాగితపు చుట్టపై చిత్రించెను. 1917 నుండి ఇది అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్నది. ఈ చిత్రము బైబిలు పాఠకుని యెదుట ఉంచు ప్రశ్నను చర్చించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

చుట్టను కుడి నుండి ఎడమకు విప్పుకొనుచు చూడవలెను. కొండచరియలు, సుడిగుండములు, మేఘములు, వాటి నడుమ డ్రాగన్లు. దేహము కొంత కనబడును, కొంత మబ్బులో కలిసిపోవును. పలుచని సిరా పూతలో మబ్బు ఎక్కడ ముగిసినదో, ప్రాణి ఎక్కడ మొదలైనదో చెప్పలేము. రూపము అరూపములో నుండి వచ్చి మరల అందులోనికే పోవునను తావో భావనకు ఇది తగిన చిత్రణ. చెన్ రోంగ్ మత్తులో టోపీని సిరాలో ముంచి పులిమి, తరువాత కుంచెతో దిద్దెడివాడని పాత కథనము. తావో గురువులు అనంతర కాలమున ఈ చుట్టకు తమ వ్రాతలు జతచేసిరి.

అయితే ‘డ్రాగన్’ అనగానే మనకు ప్రకటన గ్రంథము 12వ అధ్యాయములోని ఘటసర్పము గుర్తుకువచ్చును. చైనా విశ్వాసుల చిక్కు ఇంకను పెద్దది. 1919 నాటి చైనా యూనియన్ బైబిలు అపవాదిని ‘లుంగ్’ అనియే పిలిచినది. పొలములకు వాన తెచ్చునని పితరులు నమ్మిన ప్రాణి పేరు అదే. ఆ బైబిలే యోహాను 1:1లో ‘వాక్యము’నకు ‘తావో’ అను మాటను వాడినది. ఒకే సంస్కృతి నుండి తీసికొన్న రెండు మాటలలో ఒకటి మహిమ పొందినది, మరియొకటి నింద మోసినది.

ఈ నింద చిత్రమునకు తగదని మా అభిప్రాయము. ప్రకటనలోని సర్పమునకు ఏడు తలలు, పది కొమ్ములు. అది స్త్రీని ముంచివేయుటకు నోటి నుండి నీళ్లు వెళ్లగ్రక్కెను. చెన్ రోంగ్ డ్రాగన్లు కూడ నీటి ప్రాణులే, సాధుజంతువులు కావు. కాని అవి ఎవరినీ తరుమవు. అట్లని తావో శూన్యమును మన దేవునితో సమానము చేయుటయు సరికాదు. ఆ శూన్యము పిలువదు, పలుకదు, నిబంధన చేయదు.

నేటి ఊహాలోక చిత్రములు ఈ సిరా మరకలను అలంకారముగా వాడుకొనుచున్నవి. అనేక చిత్రములలో ప్రతి పొలుసు స్పష్టముగా గీసి, పాశ్చాత్య కథల వలె నోట అగ్ని పెట్టుచున్నారు. నీటి ప్రాణి అగ్ని ప్రాణి అయినది. దాగియుండుట పోయి ప్రదర్శన మిగిలినది. చెన్ రోంగ్ వదిలిన మబ్బును వీరు పూరించుటయే ఇందలి లోపము.

కావున ప్రకటన గ్రంథమును బోధించువారు ఘటసర్పమునకు గుర్తుగా చైనా డ్రాగన్ బొమ్మను చూపరాదు. అట్లు చూపినచో, యోహాను ఎన్నడును నిందింపని ఒక జనాంగపు వానను మనము నిందించినవారమగుదుము.