మెట్ల మీది ఫ్యాను

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా హాల్లో ఫ్యాను మొదటి రెండు చుట్లూ మూలుగుతూ తిరుగుతుంది. ఎండాకాలంలో ఆ మూలుగు వింటే ప్రాణం లేచొచ్చేది. సినిమా దర్శకుడు డేవిడ్ లించ్ ఆ సుఖం కాస్తా లేకుండా చేశాడు.

1992లో వచ్చిన 'ట్విన్ పీక్స్: ఫైర్ వాక్ విత్ మీ' సినిమా సంగతి చెబుతున్నా. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కొండల పక్కన కలప మిల్లు ఉన్న చిన్న ఊరు. అక్కడ హైస్కూల్లో చదివే లారా పామర్. అంతకు రెండేళ్ల ముందు టీవీ సీరియల్ ఈ పిల్ల శవంతోనే మొదలైంది. చంపిందెవరో కూడా సీరియల్లోనే తేలిపోయింది. సినిమాలో చాలా భాగం ఆమె చివరి ఏడు రోజులు. సస్పెన్స్ చచ్చాక తీసిన సస్పెన్స్ సినిమా అన్నమాట!

ఎర్ర తెరల గది, తిరగేసి పలికే మాటలు అందరికీ గుర్తుంటాయి. నన్ను వదలనిది మాత్రం భోజనాల బల్ల. లారా వచ్చి కూర్చుంటుంది. చేతులు కడుక్కున్నావా అని తండ్రి లీలండ్ అడుగుతాడు. మన ఇళ్లలో రోజూ వినే ప్రశ్నే. చెయ్యి పట్టుకుని గోరు కింద మట్టి చూపిస్తాడు. వదలడు. తల్లి బతిమాలుతుంది. లారాగా వేసిన షెరిల్ లీ ముఖంలో పదేళ్ల పిల్ల కనిపిస్తుంది. ఆమెను మొదట్లో సీరియల్లోకి తీసుకున్నది శవంగా పడుకోడానికే!

ఇంకో రాత్రి భార్యకు మత్తుమందు కలిపిన పాలు తాగించి, లీలండ్ మెట్ల పైనున్న ఫ్యాను స్విచ్ వేస్తాడు. రెక్కలు తిరుగుతాయి, అంతే. గదిలో ఉన్న లారాకి ఎవరొస్తున్నారో తెలియాలని లేదు, మనకి తెలిసిపోతుంది. ఈ సినిమాకి శబ్దాల పని కూడా లించ్‌దే. ఆ హోరు వింటే ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

నేనూ దయ్యం కథలు రాశాను. మర్రిచెట్టు, అమావాస్య, గజ్జెల చప్పుడు, అన్నీ సిద్ధంగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఏ కథకీ మా ఇంట్లో వాళ్లు భయపడలేదు. మా ఆవిడ ఒకటి చదివి నవ్వింది కూడా. మర్రిచెట్టు దగ్గరికి రాత్రిపూట ఎవరు పోతారని అడిగింది. నిజమే, మేముండేది మూడో అంతస్తులో.

ఈమధ్య కొత్తది మొదలుపెట్టాను. ఒక ఇల్లు, ఒక స్విచ్, అంతే. మొన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యాను బేరింగులు పోయాయి, మార్చేద్దామన్నాడు. ఇప్పుడొద్దులే, వచ్చే నెల చూద్దామన్నాను. కథ సగంలో ఉంది.