రోలులో నిలిచిన నీళ్లు

డార్క్‌రూమ్‌లో ప్రింటు వేసేటప్పుడు చేతిదే పెత్తనం. ఎన్లార్జర్ కింద అట్టముక్క అడ్డుపెట్టి ఒక మూలను తేల్చవచ్చు, మరో మూలకు నాలుగు సెకన్లు ఎక్కువ వెలుగిచ్చి నల్లబరచవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత మా పెదనాన్న తీసిన నెగటివులు ముందేసుకున్నప్పుడల్లా ఆ పెత్తనం ఎంతవరకు చెల్లుతుందా అని ఆలోచిస్తాను.

ఒక ఫ్రేములో తలలు విరిగిన కొబ్బరిచెట్లు, గోడలు పోయిన ఇంటి అరుగు, దాని మీద రుబ్బురోలు. పొత్రం లేదు. వెనక ఆకాశం ఉత్త తెలుపు. నెగటివ్‌లో అక్కడ వెండి దట్టంగా పేరుకుంది. ఎంత వెలుగు పోసినా ఓ పట్టాన దిగదు. అయినా ఓపిగ్గా బర్న్ చేస్తే మబ్బు కమ్మినట్టే వస్తుంది, చూసినవాళ్ల గుండె ఝల్లుమంటుంది.

నేనలా చేయను. ఆ నలుపు నెగటివ్‌లోది కాదు, నాది. నేను ఉప్పెన తర్వాత పుట్టినదాన్ని. సుమారు ఐదు మీటర్ల అల, పదివేలకు పైగా ప్రాణాలు, కోడూరు, నాగాయలంక... నా భయమంతా విన్నదే. విన్న భయానికి ఉరుములూ మెరుపులూ కావాలి. పడినవాళ్ల భయం వేరు. మా అమ్మకు గాలంటే బెదురు లేదు, ఉప్పునీళ్లంటేనే. అల వెనక్కి తీశాక బతికి బయటపడ్డవాళ్లకు గుక్కెడు మంచినీళ్లు కరువయ్యాయి; అమ్మవాళ్ల బావి ఉప్పుతేలింది. టీవీలో వాయుగుండం మాట వినబడితే చాలు, ఆవిడ ఇప్పటికీ ముందు బిందెలు నింపుతుంది. సముద్రం ఊసే లేని హైదరాబాదులో నేనూ నింపుతాను. ఎందుకని అడగకుండానే మా అమ్మాయి గ్లాసులు కూడా నింపి వరసగా పెడుతోంది.

ఆ భయం ఈ ఫ్రేములో ఆకాశంలో లేదు, రోలు గుంటలో ఉంది. టెస్ట్ స్ట్రిప్‌లో అక్కడ నల్లటి మచ్చే కనిపించింది. తీగ చివర గోరంత అట్ట అతికించి, ఆ చోటు మీద కాసేపు ఆడిస్తూ డాడ్జ్ చేశాను. డెవలపర్ ట్రేలో కాగితం మీద నీళ్ల మెరుపు తేలింది, దాని అంచున ఉప్పు పేరుకున్న సన్నటి గీత. ఈ ప్రింటుకు అదే ప్రాణం.

ఆ ఫిల్మ్ రోల్‌లోనే శవాలున్న ఫ్రేములూ ఉన్నాయి. హైపోలో పెట్టి, బాగా కడిగి, కాంటాక్ట్ ప్రింట్లుగా మాత్రం దాచాను. తమవాళ్ల ఆనవాలు వెతుక్కుంటూ ఎవరైనా వస్తే చూపిస్తాను. పెద్దవి చేసి గోడకు తగిలించే హక్కు నాకు లేదు.