అగస్తీను గ్రంథమున బాప్తిస్మ ఘట్టము

క్రీ. శ. 354వ సంవత్సరమున ఉత్తరాఫ్రికాలోని తగస్తె పట్టణమున జన్మించిన అగస్తీను, హిప్పో నగరమునకు బిషప్పయిన పిదప, 397వ సంవత్సర ప్రాంతమున లాటిను భాషలో 'కన్ఫెస్సియోనెస్' అను గ్రంథమును రచింపఁ దొడఁగెను. ఈ పేరునకుఁ దప్పు నొప్పుకొనుట యనియు, దేవుని స్తుతించుట యనియు రెండర్థములు గలవు. పదుమూఁడు ప్రకరణముల గ్రంథమున మొదటి తొమ్మిదియు నాతని జీవితకథ. అది యంతయు దేవుని సంబోధించి చెప్పఁబడినది. పాఠకుఁడు చాటున నిలిచి యొకని ప్రార్థనను వినుచున్నట్లుండును.

బాప్తిస్మ మన నెట్టిదో, దానిచే మనుష్యున కేమి యనుభవము కలుగునో తెలిసికొనఁ గోరి యీ గ్రంథమును దెఱచువారికి మొదట నాశాభంగము తప్పదు. 386వ సంవత్సరమున మిలాను నగరపుఁ దోఁటలోఁ దన మనసు మాఱిన వృత్తాంతమును అగస్తీను మిక్కిలి విస్తరించి చెప్పినాఁడు. అత్తిచెట్టు, ప్రక్కయింటినుండి వచ్చిన పసిగొంతు, చేతికందిన పౌలు పత్రిక, అన్నియు మన కన్నుల యెదుట నిలుచును. మఱుసటి సంవత్సరము ఈస్టరు పండుగనాఁటి రాత్రి బిషప్పగు అంబ్రోసువలనఁ బొందిన బాప్తిస్మమో, ఒక్క చిన్న వాక్యము. తాము బాప్తిస్మము పొందితిమనియు, గడచిన బ్రదుకును గూర్చిన దిగులు తమ్ము విడిచెననియు మాత్రమే చెప్పి యూరకుండెను. నీటి మాట లేదు. అంబ్రోసు పేరైన నా వాక్యమున లేదు. ఆ స్నానము జరిగిన యెనిమిది మూలల తొట్టి శిథిలములు నేఁడును మిలాను ప్రధాన దేవాలయము క్రిందఁ జూడవచ్చును. రాళ్లు చెప్పునంతయైనను గ్రంథకర్త చెప్పలేదు.

ఈ మౌనమునకుఁ గారణ మేమి? 1918వ సంవత్సరమున ప్రోస్పెర్ అల్ఫారిక్ అను ఫ్రెంచి పండితుఁడు, 386లో అగస్తీను చేరినది క్రైస్తవమున కంటె నవ్యప్లేటో దర్శనమునకే యని వాదించెను. ఆ శీతకాలమున కస్సికియాకు పల్లెలో నతఁడు వ్రాసిన సంవాదములలోఁ దోఁట కథ లేకుండుట యా వాదమునకు ముఖ్యాధారము. ఇది కొట్టివేయఁదగిన వాదము కాదు. పదేండ్ల పిమ్మట వ్రాసినవాఁడు తన పూర్వచరిత్రను గొంత దిద్దుకొనక మానఁడు. కాని సిసెరోను అనుకరించి వ్రాసిన తత్త్వసంవాదమునఁ దోఁటలోని యేడుపునకుఁ దావు లేదు. ఆ సంవాదములలోనే, క్రీస్తు ప్రామాణ్యమును దా నెన్నఁడును విడువనని యగస్తీను స్పష్టముగాఁ బలికినాఁడు. మఱికొందఱు, అప్పటి సంఘము బాప్తిస్మ రహస్యములను బయటివారికిఁ జెప్పెడిది కాదు గనుక నితఁడును దాఁచెనందురు. అంబ్రోసు సైతము 'దె మిస్తెరియిస్' అను గ్రంథమున, ఆ కర్మల యర్థమును బాప్తిస్మమునకుఁ బిమ్మటనే వివరించెను. ఇది సబబే, కాని సగము సమాధానమే. నీటిని దాఁచవలసి యుండవచ్చును గాని, తన హృదయమును దాఁచు మని యెవ్వరు చెప్పిరి?

మిగిలిన సగము గ్రంథములోనే యున్నదని నా యభిప్రాయము. బాప్తిస్మ ప్రసంగ మొక తొమ్మిదవ ప్రకరణమున మాత్రమే లేదు. మొదటి ప్రకరణమున, పసితనమునఁ గడుపునొప్పిచేఁ జావునకు సిద్ధమై తాను బాప్తిస్మ మడుగుటయు, తల్లి మోనికా దానికి సన్నాహము చేయుటయు, వ్యాధి తగ్గఁగానే యది వాయిదా పడుటయుఁ గలవు. నాల్గవ ప్రకరణమునఁ దగస్తెలోని ప్రాణమిత్రుని కథ కలదు. అతఁడు జ్వరమున స్మృతి తప్పి యుండఁగా బంధువులు బాప్తిస్మ మిప్పించిరి. తెప్పఱిల్లిన పిమ్మట, తెలివిలేని స్థితిలో జరిగిన యా తంతును గూర్చి యగస్తీను పరిహాసమాడెను; మిత్రుఁడును దనతో నవ్వు ననుకొనెను. కాని యాతఁడు శత్రువును జూచినట్లు చూచి, చెలిమి కావలెనన్న నిట్టి మాట లిఁకఁ గూడవని గద్దించెను. కొలఁది దినములకే జ్వరము తిరుగఁబెట్టి మరణించెను. గ్రంథమున బాప్తిస్మ ఫలమును గన్నులఁ గట్టించు ఘట్ట మిదియే. ఇందుఁ బొందినవానికిఁ బొందుచున్న యప్పు డే యనుభవమును లేదు. వాని మార్పును జూచినవాఁడు నవ్విన స్నేహితుఁడు. అనుభూతి లేకయు సంస్కారము పని చేసినదని చూపిన గ్రంథకర్త, తన వంతు వచ్చినప్పుడు తన యనుభూతినే సాక్ష్యముగాఁ బెట్టిన, మిత్రుని కథ వ్యర్థమగును.

తన బాప్తిస్మమునఁ దా నొంటిగా నుండుటకును నతఁ డిష్టపడలేదు. ఆ వాక్యమునకు ముందు చలికి గడ్డకట్టిన నేలపై వట్టికాళ్ల నడచిన అలీపియుసును, పదునైదేండ్ల కొడుకు అదెయోదాతుసును వర్ణించును. ఆ పేరునకు దేవదత్తుఁ డని యర్థము. బాలుని తెలివిని బొగడును. వాని యకాలమరణమును దలఁచును. ఆ బాలుని తల్లి పేరు మాత్రము గ్రంథమున నెచ్చటను లేదు. ఆమె యంతకుముందే యాఫ్రికాకుఁ బంపఁబడినది. ఇన్ని యొప్పుకొన్నవాఁ డీ పేరు నేల చెప్పఁడో!

రసమును దాని పేరుతోనే చెప్పుట దోషమని మన యాలంకారికు లందురు. మమ్మటునకు నాఱువందల యేండ్లు ముందటివాఁడైనను అగస్తీను ఈ మర్మ మెఱుఁగును. దేవుఁడు దన చెంత నున్నాఁడని యిచ్చట వాచ్యముగాఁ జెప్పఁడు. ఆ దినములలో దేవాలయమున జనులు పాడిన కీర్తనలు చెవిఁ బడుటయు, సత్యము హృదయమునకు దిగుటయు, కన్నీరు గాఱుటయుఁ జెప్పి, తనకు హాయిగా నుండెనని ముగించును. ఆ గానము మిలానులో నెట్లు మొదలయ్యెనో కూడఁ జెప్పును. రాజమాత జస్టీనా యంబ్రోసును బాధించిన కాలమున, బిషప్పుతోఁ జావ సిద్ధపడి దేవాలయమునఁ గావలి యున్న జనులు దుఃఖమున డస్సిపోకుండుటకై, తూర్పుదేశముల రీతిని పాడ నారంభించిరి. స్నాన మొక రాత్రి. కన్నీరు పెక్కు దినములు. అదియును బదుగురి నడుమ.

ఈ కన్నీటినే కొందఱు వ్యాఖ్యాతలు దేవసాన్నిధ్యమునకుఁ దిరుగులేని సాక్ష్యముగాఁ జూపుదురు. వారు పదవ ప్రకరణమును మఱచుచున్నారు. అచ్చట బిషప్పగు అగస్తీను తన చెవి సుఖమును విచారణకుఁ బెట్టి, యీ కన్నీటినే మరలఁ దలఁచును. బలహీనులకుఁ బాట యూఁతయని సంఘాచారమును సమర్థించును. తాను పాడఁబడిన యర్థమున కంటె గానమునకే కరఁగినచో నది పాపమనియు, అట్టి తఱి గాయకుని వినకుండుటయే మేలనియు ననును. ఎటును దేల్చఁడు.

ఈ గ్రంథమును దెలుఁగు చేయువారి కొక్క విన్నపము. మన యనువాదములలో మూలమును బెంచుట దోషముగా నెన్నఁబడలేదు. ఘట్టము గొప్పదన్న నలంకరింపఁ జేయి తహతహలాడును. ఆ బాప్తిస్మ వాక్యము లాటినునఁ బదియే పదములు. తెలుఁగునను దానిని బెంపక యట్లే యుంచవలెను.