వ్యయమగు మంత్రము: కథలోను, ఆటలోను

అద్భుతకథలలోని మంత్రమును గూర్చి వ్రాయువారు అది యేమి చేయగలదో వర్ణించుటతో తృప్తి పడుచున్నారు. అది యెప్పుడు చేయజాలదో పరిశీలించుట విమర్శకునకు మేలు.

అమెరికను రచయిత జాక్ వాన్స్ 1950లో ప్రకటించిన ‘ది డయింగ్ ఎర్త్’ కథలలో మాంత్రికుడు గ్రంథమునుండి మంత్రమును ప్రయాసతో మనసున కెక్కించుకొనును. ఉచ్చరించినంతనే అది స్మృతినుండి తొలగిపోవును. మేజిరియన్ అను మాంత్రికుడు ఎంత సాధన చేసినను ఘోరమంత్రములు నాలుగు గాని, అల్పమంత్రములు ఆఱు గాని మాత్రమే ధరింపగలడు. అడవిలో నొక యువతిని తఱుముచు అతడు వానిని వెచ్చించుచుండ, చదువరియు లెక్కించుచునే యుండును. ఇంటికి మరలి గ్రంథము విప్పు నవకాశమును కథ యాతని కీయలేదు.

ఈ నియమమునే గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ గ్రహించినది. కొందఱు బల్లచుట్టు కూర్చుండి, పాత్రలను ధరించి, పాచికలు వేయుచు మాటలతో నడుపు ఆట యిది. ఇందు మాంత్రికుడు రాత్రి విశ్రమించి, ఉదయమున మరల వల్లించినచో పోయిన మంత్రము తిరిగి వచ్చును. కథలోని నష్ట మిచట దినవెచ్చమైనది. మన భారతమున కర్ణుడు అర్జునునికై దాచిన వాసవీశక్తి ఘటోత్కచునిపై వ్యయమాయెను. మఱునాటి యుదయమున నది కర్ణుని చేరియుండినచో ద్రోణపర్వమున మిగులున దేమి?

అంతమాత్రమున ఆటను చులకన చేయరాదు. రాబోవు నాపద కథకునకు ముందే తెలియును. దానికి దగిన మంత్రమును పాత్రకు ఇచ్చుటయు, ఈయకుండుటయు నాతని చేతిలోనిదే. ఆడువానికి తెలియదు. ఉదయమున నాతడు చేయు ఎన్నికలోని యజ్ఞానము నిజమైనది. అందుచేతనే ఆటలో మంత్రము వెల ముందుగా నందఱకును తెలిసియుండవలెను. ఉర్సులా లెగ్విన్ 1968లో వ్రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’లో గెడ్ అహంకరించి మృతాత్మను పిలువగా, తెఱచికొనిన బీటను మూయుటకు వృద్ధగురువు నెమర్ల్ ప్రాణములే యీయవలసివచ్చెను. ఆ వెలను ముందు చెప్పకుండుటయే కథకు బలము. బల్లయొద్ద నట్లు చేసినచో కలహమే.

2014 నాటి నియమావళిలో మంత్రము స్మృతినుండి తొలగదు. ప్రయోగించు అవకాశముల సంఖ్య మాత్రమే తఱుగును. అల్పమంత్రములకు ఆ పరిమితియు లేదు. ఆడువారికి సౌకర్యము హెచ్చినది. కాని ఉదయమున తప్పుమంత్రమును వల్లించి, సాయంకాలము వట్టిచేతులతో నిలిచిన మాంత్రికుని దైన్యము చాలవఱకు తొలగినది. నా కది నష్టముగనే తోచుచున్నది.